అరవై నాలుగు దగ్గర ఆగాలి

కంప్యూటర్ నెమ్మదించిందంటే ‘ఇంకో ర్యామ్ ముక్క వేయించండి సార్’ అనేది మన మెకానిక్‌ల నాలుక చివరనుండే మాట. చాలాసార్లు అది మంచి సలహానే. కానీ 1997, 98 ప్రాంతపు పెంటియం డెస్క్‌టాప్ ఒకటి సంపాదించి, అందులో ఉన్న 64 ఎంబీకి తోడు మరో 64 గుచ్చి, విండోస్ 98 నడిపి చూడండి. అప్పటి చాలా బోర్డుల మీద యంత్రం మునుపటికంటే నింపాదిగా కదులుతుంది. కొత్త ముక్కలో లోపముందేమోనని పరీక్షిస్తే ఏ తప్పూ దొరకదు. దాన్ని పీకేస్తే పాత వేగం తిరిగొస్తుంది. డబ్బు పెట్టి కొన్న జ్ఞాపకశక్తి యంత్రాన్ని కుంటిదాన్ని చేయడమేమిటి?

దీని వెనక మాయ లేదు, ఒక చిన్న గుణకారం ఉంది. ఆ లెక్కలోకి దిగేముందు యంత్రాన్ని సంపాదించాలి, దానికి ప్రాణం పోయాలి.

బెంగళూరులో పాత కంప్యూటర్ల సరదా ఉన్నవాళ్ల కాళ్లు వాటంతటవే ఎస్పీ రోడ్డుకు తిరుగుతాయి. పూర్తి పేరు సదర్ పత్రప్ప రోడ్డు. టౌన్‌హాల్ దగ్గర దిగి నడిచిపోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెలిసినవాళ్లకు ఈ వీధిని వేరే పరిచయం చేయక్కర్లేదు. కాకపోతే అక్కడ ఒక భవనంలో ఇరుక్కున్న వ్యాపారం ఇక్కడ వీధి పొడవునా సాగి, పక్క సందుల్లోకీ పాకింది. కన్నడం, హిందీ, తమిళం, తెలుగు, బేరం ఏ భాషలో మొదలెట్టినా నడుస్తుంది. కొత్త సరుకు ముందు వరసలో మెరుస్తుంటుంది. పాత బోర్డులు కావాలంటే సందుల్లోకీ, మెట్ల మీదికీ పోయి అడగాలి. ఆదివారం పొద్దున్నే బీవీకే అయ్యంగార్ రోడ్డు పక్కన పరిచే సండే బజార్లో కూడా పాత కీబోర్డులు, కేబుళ్లు, అదృష్టం బాగుంటే మొత్తం క్యాబినెట్టే కనిపిస్తుంది.

ఈ ఊళ్లో పాత డెస్క్‌టాప్‌లు తవ్వితే దొరకడానికి చరిత్ర కూడా కారణం. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లాక ఆ ఖాళీలోకి వచ్చిన దేశీయ కంపెనీల్లో విప్రో ఒకటి. వనస్పతి, సబ్బులు అమ్ముకునే ఆ సంస్థ ఇక్కడి ఐఐఎస్‌సీ ఆవరణలో ఇంజనీర్లను కూర్చోబెట్టి, ఇంటెల్ 8086 చిప్పు మీద మినీకంప్యూటర్ తయారుచేయించింది. తర్వాత వ్యక్తిగత కంప్యూటర్లలోకి దిగి 2013 దాకా సొంత పేరుతో డెస్క్‌టాప్‌లు చేసింది. అయితే మధ్యతరగతి ఇళ్లలోకి ఎక్కువగా వచ్చినవి పేరున్న పెట్టెలు కావు. ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని బిగించిన ‘అసెంబుల్డ్’ పెట్టెలు. నా ఓటు ఇప్పటికీ వాటికే. ప్రతి భాగం మీదా తయారీదారు పేరు విడిగా ఉంటుంది, ఏది పాడైనా అదే కొలతల్లో ఇంకొకటి దొరుకుతుంది.

ఇంత పాతదాన్ని ఇప్పుడెవరు వాడతారని అడిగేవాళ్లుంటారు. సరదాపడేవాళ్ల సంగతి సరే, పీణ్య లాంటి పారిశ్రామికవాడల్లో నల్లటి పొడుగాటి ఐఎస్‌ఏ స్లాటు ఉన్న బోర్డుకు ఇప్పటికీ గిరాకీ ఉంది. లేతు మిషన్‌నో పరీక్ష యంత్రాన్నో నడిపించే కార్డు ఆ స్లాటులోనే కూర్చుంటుంది, దాని సాఫ్ట్‌వేర్ డాస్ మీదే నడుస్తుంది. యంత్రం విలువ లక్షల్లో ఉన్నప్పుడు దాన్ని నడిపే పాత కంప్యూటర్‌ను బతికించుకోవడమే లాభం. ఇక పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లున్న తెలుగు ముద్రణవాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

పెట్టె ఇంటికి తెచ్చాక వెంటనే స్విచ్ వేయకూడదు. ఏళ్ల తరబడి మూలనపడున్న విద్యుద్విశ్లేష్య కెపాసిటర్లలో అల్యూమినియం రేకు మీది సన్నటి ఆక్సైడ్ పొర పలచబడి ఉంటుంది. విద్యుత్తును అడ్డుకోవాల్సింది ఆ పొరే. మన 230 వోల్టులు ఏసీ నుంచి డీసీగా మారినప్పుడు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే పెట్టె) లోపల దాదాపు 325 వోల్టులు అవుతాయి. పొర బలహీనంగా ఉన్నచోట అంత వోల్టేజి ఒక్కసారిగా పడితే కెపాసిటర్ పేలుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఎలక్ట్రీషియన్ల సిరీస్ బల్బు బోర్డు వాడతారు. వందవాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు గుండా కరెంటు పంపితే, లోపల ఎక్కడైనా షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఎస్‌ఎంపీఎస్ బతికిపోతుంది. ఒక్క క్షణం మెరిసి మసకబారిందంటే ఫరవాలేదు.

ఆనాటి ఏటీ రకం క్యాబినెట్‌లో ఇంకో రెండు గండాలున్నాయి. ముందు భాగంలోని పవర్ బటన్‌లోకి నేరుగా 230 వోల్టుల తీగలే వస్తాయి. ఇప్పటి బటన్‌లా మదర్‌బోర్డుకు చిన్న సంకేతం పంపి ఊరుకునేది కాదు. మూత తీసి అక్కడ వేలు పెడితే ఇంటి ప్లగ్గులో పెట్టినట్టే. రెండోది, బోర్డుకు కరెంటిచ్చే పీ8, పీ9 కనెక్టర్లు రెండూ ఒకే అచ్చు, అటుదిటు పెట్టినా పడతాయి. రెండింటి నల్లతీగలూ మధ్యలో పక్కపక్కన రావాలి. తప్పితే బోర్డు పోతుంది. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ పద్ధతి తెచ్చాక ఈ రెండు బాధలూ తీరాయి.

తర్వాత చూడాల్సింది బ్యాటరీ. నాణెంలాంటి సీఆర్2032 ఉంటే గండం గడిచినట్టే, కొత్తది వేయడమే. ఇంకా పాత బోర్డుల్లో నీలిరంగు పీపాలాంటి నికెల్-కాడ్మియం బ్యాటరీని నేరుగా బోర్డుకే అతికేవారు. అది కారితే బయటికొచ్చే క్షారం రాగి గీతలను తినేస్తుంది. కీబోర్డు సాకెట్ చుట్టూ ఆకుపచ్చ పూత కనిపిస్తే అదే. కారిన చోట కాస్త వెనిగర్ రాస్తే క్షారం విరుగుతుంది. తర్వాత దుకాణాల్లో ఐపీఏ అని అడిగితే ఇచ్చే ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. విశాఖ, మచిలీపట్నం లాంటి ఊళ్ల నుంచి వచ్చిన బోర్డుల మీద సముద్రపు గాలి కూడా తన వంతు తిని ఉంటుంది. సముద్రానికి దూరంగా, తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తున్న బెంగళూరు గాలి ఈ విషయంలో దయగలది.

ఇక స్విచ్ వేశాక మానిటర్ నల్లగానే ఉండి ‘బీప్... బీప్...’ మని ఆగకుండా అరుస్తోందంటే సాధారణంగా ర్యామ్ తగల్లేదన్నమాట. దేశమంతటా దీనికి ఒకటే వైద్యం. ముక్కను పీకి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్లను రుద్ది, మళ్లీ గుచ్చడం. నవ్వొచ్చినా ఇందులో సైన్స్ ఉంది. ఆ పళ్ల మీది పూత మైక్రాన్లలో ఉంటుంది. యంత్రం వేడెక్కి చల్లారినప్పుడల్లా పళ్లూ స్లాటు స్ప్రింగులూ కంటికి కనపడనంత ఒరుసుకుని, ఆ ఒరిపిడిలో ఆక్సైడ్ పొడి పేరుకుంటుంది. రబ్బరు ఆ పొడిని ఎత్తేస్తుంది. ఇసుక కలిసిన గరుకు రబ్బరుతో మాత్రం రుద్దకండి, పూతే లేచిపోతుంది.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్న.

ప్రాసెసర్ లెక్క చేసేంత వేగంగా ర్యామ్ సమాచారం అందించలేదు. అందుకని మధ్యలో క్యాష్ అనే చిన్న, ఖరీదైన, చురుకైన జ్ఞాపకం పెడతారు. సరుకుల గదిలో బస్తాలున్నా, వంట చేసేటప్పుడు చెయ్యి వెళ్లేది పొయ్యి పక్కనున్న పోపుల డబ్బాలోకే కదా, అలాంటిది. 1997లో వచ్చిన ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ బోర్డుల మీద ఈ క్యాష్ 256 లేదా 512 కేబీ. ముందు 256 సంగతి చూద్దాం. అది ర్యామ్‌లో ఏ 256 కేబీ తునకకైనా ప్రతినిధిగా నిలబడగలదు. కాబట్టి ఇప్పుడు తనలో ఉన్నది ఎన్నో తునక తాలూకు సమాచారమో పక్కన రాసి పెట్టుకోవాలి. ఆ రాత కోసం విడిగా ఒక చిప్పు ఉంటుంది, ట్యాగ్ ర్యామ్ అంటారు. దాని వెడల్పు 8 బిట్లు. ఎనిమిది బిట్లతో రాయగలిగిన అంకెలు 256. అంటే 256 తునకలు, ఒక్కొక్కటి 256 కేబీ. గుణించండి, సరిగ్గా 64 ఎంబీ వస్తుంది.

అరవై ఐదో ఎంబీ చిరునామా రాయడానికి తొమ్మిదో బిట్ కావాలి. అది లేదు. అందుకని చిప్‌సెట్ 64 ఎంబీ దాటిన ప్రాంతాన్ని క్యాష్‌లోకే రానివ్వదు. క్యాష్ 512 కేబీ ఉన్న టీఎక్స్ బోర్డుల్లోనూ గోడ అక్కడే. ప్రాసెసర్ ఆ ప్రాంతానికి వెళ్లిన ప్రతిసారీ నెమ్మదైన ర్యామ్ దాకా నడవాల్సిందే. అయినా మొదటి 64 చురుగ్గానే ఉంది కదా అంటారేమో. విండోస్ 95, 98 జ్ఞాపకాన్ని పై చివర నుంచి కిందికి వాడుకుంటూ వస్తాయి. 128 ఎంబీ పెడితే, రోజంతా తిరిగే ముఖ్యమైన భాగాలన్నీ క్యాష్ లేని పైసగంలోనే కాపురం పెడతాయి.

ఇందులో నాకు నచ్చే తమాషా ఇంకొకటుంది. దీనికి ఏడాది ముందు, 1996లో వచ్చిన 430హెచ్ఎక్స్ చిప్‌సెట్ ఇంకో ట్యాగ్ చిప్పు చేరిస్తే 512 ఎంబీ దాకా క్యాష్‌లోకి తీసుకోగలదు. కొత్తదాని గోడ పాతదానికంటే దగ్గరగా ఉందన్నమాట. హెచ్ఎక్స్ ఆఫీసు యంత్రాలనూ సర్వర్లనూ చూసి చేసింది, టీఎక్స్ ఇళ్లను చూసి చేసింది. ఇళ్లలో 16, 32 ఎంబీలే గొప్పగా ఉన్న రోజుల్లో తొమ్మిదో బిట్ మీద ఎవరు ఖర్చుపెడతారు? ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. టీఎక్స్ బోర్డు దొరికితే 64 వేసి ఆగమనే చెబుతాను. ఆ డబ్బుతో ప్రాసెసర్ మార్చుకోవచ్చు. 133 మెగాహెర్ట్జ్ పెంటియం తీసి 233 ఎంఎంఎక్స్ పెడితే తేడా కంటికే తెలుస్తుంది. జంపర్లు మాత్రం జాగ్రత్త. పాతదానికి 3.3 వోల్టులు, ఎంఎంఎక్స్‌కు 2.8. బోర్డు 66 మెగాహెర్ట్జ్‌ను మూడున్నరతో హెచ్చించాలి, కానీ చాలా బోర్డుల్లో ఆ అంకెకు జంపర్ ఉండదు. ఒకటిన్నర దగ్గర పెట్టాలి. ఎంఎంఎక్స్ చిప్పు ఆ ఒకటిన్నరను మూడున్నరగా చదువుకుంటుంది. కొత్త గుణకానికి వేరే కాళ్లు పెట్టకుండా, ఎంఎంఎక్స్‌కు అక్కర్లేని పాత గుర్తునే ఇంటెల్ దానికిచ్చేసింది.

హార్డ్‌డిస్క్ దగ్గర గోడలు ఇంకా ఎక్కువ. 528 ఎంబీ గోడ కథ వింటే రెండు ప్రభుత్వ శాఖల వ్యవహారంలా ఉంటుంది. డిస్కులో ప్రతి సమాచారానికీ సిలిండర్, హెడ్, సెక్టార్ అని మూడు సంఖ్యల చిరునామా ఉండేది. స్విచ్ వేయగానే బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రాము బయోస్. అది 1024 సిలిండర్లు, 256 హెడ్లు, 63 సెక్టార్ల దాకా లెక్కపెట్టగలదు. ఆ లెక్కన 8.4 జీబీ. డిస్క్ వైపు ఐడీఈ పద్ధతి 65,536 సిలిండర్లు, 16 హెడ్లు, 255 సెక్టార్ల దాకా ఒప్పుకుంటుంది. ఆ లెక్కన దాదాపు 137 జీబీ. రెండూ కలిసి పనిచేయాలంటే ప్రతి అంకెలోనూ చిన్నదాన్నే తీసుకోవాలి. 1024, 16, 63. సెక్టారుకు 512 బైట్లు. మొత్తం 52,84,82,304 బైట్లు, అంటే 528 ఎంబీ. ఎవరికి వారు విశాలంగానే కట్టుకున్నారు, కలిసిన చోట ఇరుకైంది.

బయోస్‌లో చిరునామాలను మార్చి చెప్పే ఉపాయం తెచ్చి 528ని దాటారు. తర్వాత 8.4 దగ్గర ఆగారు, అదీ దాటారు. 1999కి ముందటి కొన్ని బయోస్‌లకు 33.8 జీబీ మించిన డిస్క్ తగిలిస్తే, దాన్ని గుర్తుపట్టే ప్రయత్నంలోనే యంత్రం బిగుసుకుపోతుంది. 28 బిట్ల చిరునామాతో 137 జీబీ దగ్గర మరో గోడ. అందుకే ఇంట్లో పడున్న 160 జీబీ డిస్క్ పాత పెంటియంకు తగిలించాలని చూడకండి. కెమెరాల్లో వాడిన కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు తీసుకోండి. దాని కాళ్లు ఐడీఈ భాషే మాట్లాడతాయి కాబట్టి మధ్యలో ఏ తెలివైన చిప్పూ అక్కర్లేదు, తీగలు కలిపే చిన్న అడాప్టర్ చాలు. 4 జీబీ కార్డు అయితే 8.4 గోడకు చాలా ఇవతలే ఉంటుంది. చప్పుడు ఉండదు, వేడి ఉండదు. పైగా కార్డు పీకి కొత్త ల్యాప్‌టాప్ రీడర్‌లో పెడితే ఫైళ్లు ఎక్కించుకోవచ్చు, ఫ్లాపీల కోసం వెతుక్కునే పనిలేదు. పాత యంత్రానికి చేసే మార్పుల్లో దీన్ని మించిన లాభం వేరే లేదని నా అభిప్రాయం.

వేగానికీ గోడ ఉంటుందంటే నమ్మకపోవచ్చు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో నీలిరంగు టర్బో సీ తెర చూడనివాళ్లు తక్కువ. దాని అన్న టర్బో పాస్కల్. అందులో రాసిన చాలా ప్రోగ్రాములు పెంటియం-2 యంత్రాల మీద ఒక్క అక్షరమైనా చూపించకముందే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని కూలిపోయేవి. 200 అంటే సున్నాతో భాగించారని. ఎవరూ సున్నాతో భాగించలేదు. జరిగింది ఇది: ప్రోగ్రాము మొదలవగానే యంత్రం ఎంత వేగమైందో తెలుసుకోవడానికి, గడియారం ఒక్కసారి కొట్టుకునే 55 మిల్లీసెకన్లలో ఒక ఖాళీ లూపు ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టి, ఆ అంకెను 55తో భాగిస్తుంది. భాగఫలం 16 బిట్లలో, అంటే 65,535 లోపల ఇమడాలి. రెండు వందల మెగాహెర్ట్జ్ దాటుతున్న చోట అది ఇమడడం మానేసింది. భాగఫలం పట్టకపోయినా, సున్నాతో భాగించినా ఇంటెల్ చిప్పు వేసే కేక ఒకటే. దీనికి విరుగుడు ప్రోగ్రాముకు అతుకు వేయడం, లేదా బయోస్‌లోకి పోయి ప్రాసెసర్ క్యాష్ ఆపేసి యంత్రాన్ని చేజేతులా నెమ్మదింపజేయడం. ఎంత మంచి ప్రాసెసర్ పెట్టినా అతుకు వేయని ఇలాంటి పాత ప్రోగ్రాము నడవాలంటే దాన్ని కట్టేయాల్సిందే.

ఆ 55 మిల్లీసెకన్ల అంకె ఎక్కడిదో కూడా చూడండి. బోర్డు మీద చిన్న వెండిరంగు డబ్బా ఉంటుంది, దాని మీద 14.318 అని రాసి ఉంటుంది. క్వార్ట్జ్ స్ఫటికం. అమెరికా కలర్ టీవీల 3.58 మెగాహెర్ట్జ్ రంగు సంకేతానికి అది నాలుగింతలు. 1981 నాటి ఐబీఎం పీసీని ఇంటి టీవీకి తగిలించుకునే వీలుండాలని ఆ స్ఫటికం పెట్టారు. దాన్ని మూడుతో భాగిస్తే ప్రాసెసర్‌కు 4.77 మెగాహెర్ట్జ్, పన్నెండుతో భాగించి మళ్లీ 65,536తో భాగిస్తే సెకనుకు 18.2 దెబ్బలు. మన దూరదర్శన్ వాడింది వేరే పద్ధతి. అయినా ఎస్పీ రోడ్డులో దొరికే ప్రతి పాత బోర్డూ అమెరికా టీవీ లెక్కనే కొట్టుకుంటోంది.

తెలుగు కూడా ఇలాంటి గోడకు తల కొట్టుకున్నదే. ఎనిమిది బిట్ల ఫాంటులో ఉన్న గళ్లు 256, అందులోనూ కొన్ని కంప్యూటర్ సొంతానికే పోతాయి. గుణింతాలూ ఒత్తులూ కలిపితే మన అక్షరరూపాలు వేలల్లోకి వెళతాయి. అందుకని అను ఫాంట్ల లాంటివి తలకట్టును ఒక గడిలో, ఏత్వాన్ని ఇంకో గడిలో, ఒత్తును మరో గడిలో పెట్టి, ముక్కలు కలిపి అక్షరం కట్టేవి. పేజ్‌మేకర్ ఫైలులో నిజానికి ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల వరుసే. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ విండోస్‌లో అది సరిగా కూర్చున్నది 2001లో ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాకే. మధ్యలో అచ్చయిన పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు ఎన్నో ఈ పాత కూర్పులోనే ఉండిపోయాయి. మార్చే ఉపకరణాలు ఇప్పుడున్నాయి. అయితే మార్చిన పాఠం సరిగా వచ్చిందో లేదో పోల్చి చూడాలంటే మూలాన్ని దాని కాలపు యంత్రం మీద తెరవడమంత నమ్మకమైన పద్ధతి లేదు. విండోస్ 98, పేజ్‌మేకర్, ఆ ఫాంట్లు, 64 ఎంబీ. ఆ పనికి అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ఇంటర్నెట్ తీగ మాత్రం తగిలించకండి, ఆ విండోస్‌కు 2006 నుంచి భద్రతా మరమ్మతులు లేవు.

పని ముగిశాక బల్ల మీద కొన్ని భాగాలు మిగులుతాయి. కారిన బ్యాటరీలో కాడ్మియం ఉంటుంది, 2006కు ముందటి బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. వీటిని పాత ఇనుము బండికి వేస్తే ఎక్కడో పెరట్లో కాల్చి రాగి తీసుకుంటారు, పొగ ఆ చుట్టుపక్కల పిల్లలు పీలుస్తారు. దేశంలో ప్రభుత్వ అనుమతితో మొదలైన తొలి ఈ-వ్యర్థాల శుద్ధి కేంద్రాల్లో ఒకటైన ఈ-పరిసర బెంగళూరు శివార్లలోని దాబస్‌పేట దగ్గరే ఉంది. మీ ఊళ్లో అనుమతి ఉన్న సేకరణ కేంద్రం ఏదో కనుక్కుని అక్కడ ఇవ్వండి. తీసేసిన పాత హార్డ్‌డిస్కును మాత్రం, అందులోని ఫైళ్లు రెండు వేరువేరు చోట్ల కాపీ అయ్యేదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి.